తాళం బదులు మనిషి

సాయంత్రం ఆరున్నరకు ప్రోగ్రామంటే నా పని మధ్యాహ్నం మూడింటికే మొదలవుతుంది. మా యూనివర్సిటీ ఆడిటోరియం ఖాళీగా ఉండగానే ప్రతి తలుపునూ భుజంతో తోసి చూస్తాను. జనం తొక్కిడిలో చేతులు ఆడవు, తలుపుకు తగిలేది భుజమే.

పక్క తలుపులకు నడుమెత్తున అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. పానిక్ బార్ అంటాం. లోపలినుంచి చిన్నపిల్ల నొక్కినా గడియ వదిలేసి తలుపు బయటికి తెరుచుకుంటుంది. చాలా ఏళ్ల కిందట ఒక వార్షికోత్సవం రోజున ఆ కడ్డీకి గొలుసు చుట్టి తాళం వేసి ఉంది.

"ఏంటన్నా ఈ గొలుసు?" అనడిగాను గార్డుని.

"పాసుల్లేని పిల్లలు దూరుతున్నారు సార్. లోపలున్నవాళ్లే తలుపు తీసి దోస్తుల్ని రానిస్తున్నారు."

అబద్ధం కాదు. మరి తాళంచెవి? టీ తాగడానికెళ్లిన సూపర్‌వైజర్ జేబులో ఉంది. హాల్లో అప్పటికే వందలమంది కూర్చున్నారు. ఆయన తిరిగొచ్చేదాకా గడిచిన పావుగంట నాకిప్పటికీ గుర్తే.

1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో 59 మంది చనిపోయారు. కింద ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పుట్టిన మంటల పొగ బాల్కనీకి ఎక్కింది. అక్కడ అదనంగా వేసిన సీట్లు బయటికెళ్లే దారిని మింగేశాయి. 2023 నవంబరు 25న కొచ్చిన్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయంలో వాన పడగానే బయటున్నవాళ్లు ఓపెన్ ఎయిర్ ఆడిటోరియంలోకి ఒక్కసారిగా తోసుకొచ్చారు. మెట్ల మీద పడి నలుగురు ప్రాణాలు వదిలారు. లోపలివాళ్లే కాదు, గేటు బయట నిలబడ్డవాళ్లూ మన పూచీయేనని ఆ సంఘటన తర్వాత నాకు బాగా తెలిసింది.

అందుకే మా దగ్గర ప్రోగ్రాం జరుగుతుండగా ఏ తలుపుకూ తాళం ఉండదు, మనిషుంటాడు. పాసులేని కుర్రాణ్ని ఆపేదీ, ఆపదొస్తే దారి చూపేదీ అతనే. ఏజెన్సీవాళ్లు గార్డుల్ని తరచూ మారుస్తారు గనక కొత్తగా వచ్చినవాళ్లకు ప్రతిసారీ మొదటినుంచి చెప్పాలి. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు హాలంతా ఈలలు. ఆ కొద్ది సెకన్లలో టార్చి వెయ్యాల్సింది జనం మొహాల మీద కాదు, మెట్ల మీద అని ప్రత్యేకంగా చెబుతాను.

అన్నిటికంటే కష్టం, నడిచే దారిలో కుర్చీలు వెయ్యనివ్వకపోవడం. "చీఫ్ గెస్టుగారి మనుషులండీ, రెండే కుర్చీలు" అంటారు. ఆ రెండు కుర్చీలూ చీకట్లో పరిగెత్తే మనిషి మోకాళ్లకు గోడతో సమానం. అందుకని చదివేవారికి నాదో మనవి. ఈసారి గార్డు వచ్చి మెట్ల మీదనుంచి లేవమంటే దయచేసి లేవండి. అతను మీ దారినే కాపాడుతున్నాడు.

మొన్న కూచిపూడి ప్రదర్శన. తరంగంలో ఆ అమ్మాయి ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి ఆడుతుంటే హాలంతా ఊపిరి బిగబట్టింది. పక్క తలుపు దగ్గర గార్డు మాత్రం వేదికకు వీపు పెట్టి, రెండు గంటలూ జనాన్నే చూస్తూ నిలబడ్డాడు. అందరూ వెళ్లాక అడిగాను, "ఎలా ఉందన్నా డ్యాన్సు?"

"గజ్జెలు విన్నా సార్. మూడో వరసలో ఒక ముసలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. బాగానే చేసుంటుంది ఆ పాప."