బీరువాలోనే బీరువా తాళం

రోజూ పొద్దున మా టీమ్ మెయిల్‌బాక్స్‌లో అందరికంటే ముందు వచ్చి కూర్చునేది బ్యాకప్ రిపోర్టు. రాత్రి నడిచిన జాబ్‌లన్నీ వరుసగా ఉంటాయి, పక్కన ఆకుపచ్చ రంగు. ఆడిట్ వాళ్లు అడిగేది ఆ ఆకుపచ్చనే, మేనేజర్‌కి కావలసిందీ అదే. కొత్తగా చేరిన కుర్రాళ్లు దాన్నొకసారి చూసి "అన్నా, అన్నీ గ్రీనే ఉన్నయ్" అంటూ ఛాయ్‌కి లేస్తారు. నేనూ లేస్తాను గానీ, లిఫ్టు దగ్గర ఒక ప్రశ్న వేస్తాను. సర్వర్లన్నీ ఉన్న ఈ ఫ్రేమ్, అంటే ఈ పెట్టె, మొత్తం ఇప్పుడు కాలిపోతే మొదట దేన్ని లేపుతావు? చాలామంది డేటాబేస్ సర్వర్ పేరు చెబుతారు. నిజానికి అది ఆఖరున లేవాల్సింది.

నేను పనిచేసేది ఐబీఎం వాళ్ల ఏఐఎక్స్ మీద. బ్యాంకులూ బీమా కంపెనీలూ ఇప్పటికీ వదలని యూనిక్స్ అది. సర్వర్ అంటే ఒక పెట్టె అన్న లెక్క ఇక్కడ 2001లోనే చెదిరిపోయింది. ఆ ఏడాది వచ్చిన పీ690 మిషన్‌ని 16 భాగాలు చేసి ఒక్కో భాగంలో ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవచ్చు. ఆ భాగాన్ని ఎల్‌పార్ అంటాం. 2004లో పవర్5 వచ్చాక ఒకే ప్రాసెసర్‌ని పది ఎల్‌పార్‌లకు పంచడమూ కుదిరింది. అన్ని ఎల్‌పార్‌లకీ విడివిడిగా డిస్కులూ నెట్‌వర్క్ కార్డులూ ఎక్కడ తెస్తాం? అందుకని వాటిని తన చేతిలో పెట్టుకుని మిగతావాటికి పంచడానికే ఒక ఎల్‌పార్‌ని కేటాయించారు. దాని పేరు వీఐఓఎస్.

అప్పటినుంచీ మామూలుగా ఎల్‌పార్ చూసేదంతా వీఐఓఎస్ చూపించిందే. లాగిన్ అయి చూస్తే హెచ్‌డిస్క్0 అని దర్జాగా కనిపిస్తుంది. అది ఏ స్టోరేజ్‌లోని ఏ ముక్కో, ఎవరి చేతుల మీదుగా వచ్చిందో ఆ ఎల్‌పార్‌కి తెలియదు. తనకు తెలియనిదాన్ని అది బ్యాకప్‌లో రాసుకోలేదు. నా గొడవంతా ఇక్కడే.

ఏఐఎక్స్‌లో ఎంకేసిస్‌బీ అని ఒక కమాండ్ ఉంది. నడుస్తున్న సిస్టమ్‌ని ఆపకుండానే రూట్‌వీజీని, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండే వాల్యూమ్ గ్రూపుని, బూటయ్యే రూపంలో టేపు మీదికి ఎక్కిస్తుంది. టార్ కమాండ్ 1979 నుంచీ మనకు ఉంది, ఇప్పటికీ రోజూ వాడుతూనే ఉన్నాం. కానీ అది మూటగట్టేది ఫైళ్లనే. ఎంకేసిస్‌బీ ఆ ఫైళ్లు ఏ లాజికల్ వాల్యూమ్‌లో, ఎంత సైజులో ఉన్నాయో కూడా ఇమేజ్‌డాట్‌డేటా అనే ఫైల్లో రాసుకుని, ఖాళీ డిస్కు ఇస్తే మళ్లీ అలాగే కట్టుకుంటుంది. టేపు మీద దాని అమరిక నాకు భలే ఇష్టం. మొదట బూట్ ఇమేజ్, తర్వాత ఇన్‌స్టాల్ సరంజామా, మూడోది పేరుకి మాత్రమే ఉండే విషయసూచిక, నాలుగోది అసలు సరుకు. ఎవరో హోస్ట్స్ ఫైలు చెరిపేశారనుకోండి, దానికోసం సర్వర్ మొత్తాన్ని రిస్టోర్ చేయక్కర్లేదు. రిస్టోర్ కమాండ్‌కి మైనస్ ఎస్ 4 అని నాలుగో భాగం చూపించి, ఫైలు పేరు ముందు చుక్కా స్లాషూ పెట్టి అడిగితే చాలు. ఆ చుక్క మరిస్తే మాత్రం టేపు చివరిదాకా తిరిగి ఉత్త చేతులతో ఆగుతుంది.

మౌంట్ కాని ఫైల్‌సిస్టమ్‌ని ఎంకేసిస్‌బీ ముట్టుకోదు. డేటా ఉండే వాల్యూమ్ గ్రూపులకు సేవ్‌వీజీ వేరు, డేటాబేస్‌కి దాని పద్ధతి దానిది. ఇవన్నీ మాన్యువల్‌లో ఉన్నవే. మనిషిని ముంచేవి ఎల్‌పార్ బయట ఉంటాయి. ఎంత మెమరీ, ఎన్ని ప్రాసెసర్లు, ఏ స్లాటు ఎవరిది అన్న ప్రొఫైళ్లు హెచ్‌ఎంసీ అనే కన్సోల్ నుంచి విడిగా దాచుకోవాలి. ఏ డిస్కు ఎవరికి ఇచ్చామన్న మ్యాపింగ్ వీఐఓఎస్ దగ్గర ఉంటుంది. దాన్ని వీఐఓఎస్‌బీఆర్ కమాండ్‌తో తీసి పెట్టుకోవాలి. ఈ రెండూ లేకపోతే పదిహేను ఎల్‌పార్‌ల ఎంకేసిస్‌బీలు చేతిలో ఉన్నా, ముందర ముప్ఫై పేరులేని డిస్కులు ఉంటాయి.

మ్యాపింగ్ ఉన్నా చదవడం రావాలి. వీఐఓఎస్‌లో ఎల్ఎస్‌మ్యాప్ కమాండ్ కొడితే వీహోస్ట్ పేరు, దాని పక్కన క్లయింట్ పార్టిషన్ నంబరు, కింద డిస్కు పేరు వస్తాయి. నంబరు హెక్సాడెసిమల్‌లో, అంటే పదహారు ఆధారంగా ఉండే లెక్కలో ఉంటుంది. పదో ఎల్‌పార్ కావలసినవాడు 10 కోసం వెతుకుతాడు. అక్కడ ఏడు సున్నాల తర్వాత 'ఏ' అని ఉంటుంది. 10 అని కనిపించేది పదహారో ఎల్‌పార్. మామూలు రోజున ఇది నవ్వుకునే విషయం. అర్ధరాత్రి బ్రిడ్జ్ కాల్‌లో ఇరవైమంది వింటుండగా అయితే, పదహారోవాడి డిస్కు మీద పదోవాడి సిస్టమ్ ఎక్కుతుంది.

ఇక తాళం సంగతి. టేపులు తగ్గిపోయాక ఎంకేసిస్‌బీలన్నీ నిమ్ సర్వర్‌లో పెడుతున్నాం. చచ్చిన ఎల్‌పార్‌ని నెట్‌వర్క్ మీద బూట్ చేసి బతికించేది అదే. మరి నిమ్ సర్వర్ ఎక్కడుంది? ఖర్చు తగ్గుతుందని చాలాచోట్ల దాన్నీ అదే ఫ్రేమ్‌లో ఒక ఎల్‌పార్‌గా పెడతారు. దాని డిస్కూ అదే వీఐఓఎస్ ఇచ్చిందే. వీఐఓఎస్ బ్యాకప్ మళ్లీ నిమ్‌లో! ఒక్క ఎల్‌పార్ పోయినంతకాలం ఏర్పాటు ముచ్చటగా పనిచేస్తుంది. ఫ్రేమ్ పోతే, బీరువా తాళం బీరువాలో పెట్టి తలుపు వేసుకున్నట్టే. అందుకే నిమ్‌ని ఇంకో ఫ్రేమ్‌లో పెట్టించడానికి బడ్జెట్ మీటింగుల్లో నేను మొండిగా వాదిస్తాను. ఈ ఒక్క విషయంలో నాకు మొహమాటం లేదు.

హెచ్‌పీ వాళ్లు ఇక్కడ కాస్త ముందుచూపు చూపారని నా అభిప్రాయం. హెచ్‌పీ-యూఎక్స్‌లో పాత వీపార్స్ పద్ధతిలో పార్టిషన్ల పటం వీపీడీబీ అనే ఒక చిన్న ఫైలు. దాని ప్రతి ఒకటి ప్రతి పార్టిషన్‌లోనూ స్టాండ్ డైరెక్టరీలో ఉంటుంది, మార్పులు జరిగితే నడుస్తున్న పార్టిషన్లన్నిట్లోనూ సరిచేసుకుంటుంది. కాబట్టి ఏ ఒక్క పార్టిషన్ రికవరీ టేపు దొరికినా మొత్తం ఇంటి పటం దొరికినట్టే. ముందు ఆ ఒక్కదాన్నీ మామూలు సర్వర్‌లా లేపి, దాంట్లోంచి పార్టిషన్లని నడిపే వీపీమాన్‌ని లేపి, మిగతావాటిని నిమ్ లాంటి ఇగ్నైట్ సర్వర్ నుంచి ఒక్కొక్కటిగా లేపేవాళ్లు. ఇప్పుడు హెచ్‌పీ-యూఎక్సే చరిత్రలోకి జారుకుంటోంది. దాని కింద నడిచే ఇటానియం చిప్‌ల ఆఖరి లోడు 2021లోనే వెళ్లిపోయింది.

మళ్లీ ఆకుపచ్చ రిపోర్టు దగ్గరికి వస్తాను. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఒక ఇంజనీరు ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో డేటాబేస్ డైరెక్టరీ చెరిపేశాడు. తేరుకునేలోపు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. రోజువారీ డంప్ ఉండాల్సిన చోట చూస్తే ఖాళీ. డేటాబేస్ 9.6 వెర్షన్, డంప్ తీస్తున్న ప్రోగ్రామ్ 9.2ది, కాబట్టి అది రోజూ ఫెయిలవుతూనే ఉంది. ఫెయిలైందని చెప్పే మెయిళ్లను అవతలి మెయిల్ సర్వర్ తిప్పికొడుతూ వచ్చింది. చివరికి ఇంకో పనికోసం ఆరు గంటల ముందు చేత్తో తీసిన ఎల్‌వీఎం స్నాప్‌షాట్ కాపాడింది. ఆ కంపెనీ ఇదంతా దాచుకోకుండా బయటపెట్టింది. మా రంగంలో అంత నిజాయతీ అరుదు.

అందుకని రిపోర్టు కంటే డీఆర్ (డిజాస్టర్ రికవరీ) డ్రిల్ మీదే నాకు నమ్మకం. అవతలి సైటులో ఖాళీ ఫ్రేమ్ మీద ప్రొఫైళ్లు, వీఐఓఎస్, మ్యాపింగ్, నిమ్, ఆ తర్వాతే ఎల్‌పార్‌లు. అక్కడా చిక్కులే. పాత సర్వర్ ఇంకా బతికే ఉండగా అదే ఐపీ అడ్రసుతో దాని కవల లేచిందా, నెట్‌వర్క్ టీమ్ నుంచి ఫోన్ మోగుతుంది. ఇవన్నీ దాటి డేటాబేస్ కూడా లేచాక, అప్లికేషన్ మాత్రం స్టార్ట్ కానంటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్ల లైసెన్స్ కీ పాత ఫ్రేమ్ సీరియల్ నంబరుకి ముడిపడి ఉంటుంది మరి. కొత్త కీ ఏ టేపులోనూ ఉండదు, నిమ్‌లోనూ ఉండదు. దానికి వెండర్‌కి మెయిల్ పెట్టాలి, కాంట్రాక్టు నంబరు రాయాలి. ఆ నంబరున్న ఫైలు పర్చేజ్ సెక్షన్ వాళ్ల అల్మారాలో ఉంటుంది, వాళ్లు సోమవారం పదింటికి వస్తారు.