నాటకమునకు పునాదులు: బళ్ళారి నుండి మెలట్టూరు వరకు

మన సంఘముల వార్షికోత్సవములలో నాటకము లేని యుత్సవము అరుదు. ప్రార్థన, కార్యదర్శి నివేదిక, బాలబాలికల పాటలు, పెద్దల యుపన్యాసములు ముగిసిన పిదప తెర లేచును. అంతవరకు ప్రక్కవారితో ముచ్చటలాడుచున్నవారు సైతము రంగమువైపు తిరుగుదురు. అట్లు తిరిగిన చూపును తుదివరకు నిలుపునది యేది? తెరలా? దీపములా? పద్యములా? నటుని కంఠమాధుర్యమా? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసికొననిచో ఎంత ధనము వెచ్చించినను నాటకము నిలువదు. బడిలో ఒక భాష, బజారులో ఒక భాష, ఇంటిలో తెలుగు అను మనవంటి కుటుంబములకు ఈ విచారణ మరింత అవసరము. కోపము, పరిహాసము, వేడికోలు, వాదము మొదలగు సర్వభావములను తెలుగులో మన పిల్లలు ఒక్కచోట వినగల తావు రంగస్థలము.

ఈ విచారణకై మనము దూరము పోనక్కరలేదు. నేడు కర్ణాటకములో నున్న బళ్ళారి ఆధునికాంధ్ర నాటకమునకు పుట్టినిండ్లలో ఒకటి. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు ఆ పట్టణము మైసూరు రాష్ట్రములో చేరినది. ఎల్లలు మారినవి గాని, అక్కడ పుట్టిన నాటకములు తెలుగువారందరి సొత్తుగనే యున్నవి. నాటకమునకు పునాదులెవ్వియో వాని సాయముననే చూతము.

మొదటి పునాది వస్తువు. భరతముని ఇతివృత్తమును నాట్యమునకు శరీరమనెను. దశరూపకకర్తయైన ధనంజయుడు రూపకభేదములకు వస్తువు, నేత, రసము అను మూడింటిని కారణములుగా జెప్పెను. గ్రీకు దేశమున అరిస్టాటిల్ విషాదనాటకమునకు ఆరంగములు చెప్పి, వానిలో ఇతివృత్తమునకు అగ్రస్థానమిచ్చి, కంటికింపైన అలంకారమును కవికళకు మిక్కిలి దూరమైనదిగా భావించెను. దేశకాలములు వేరైన యీ పెద్దలు వస్తుప్రాధాన్యమునందు ఏకాభిప్రాయులగుట గమనింపదగినది.

అయితే వస్తువనగా కేవలము కథ కాదు. కథలో ఒక సంఘటన పిదప మరియొకటి వచ్చును. వస్తువులో ఒకదాని వలన మరియొకటి పుట్టును. ఒకరు కోరుదురు, వేరొకరు అడ్డుపడుదురు, ఆ యొరపిడిలో ఎవరో ఒక నిర్ణయము చేయుదురు, ఆ నిర్ణయమునకు ఫలము అనుభవింతురు. బీజము మొదలు కార్యము వరకు మన లాక్షణికులు చెప్పిన ఐదు అర్థప్రకృతులు, ఆరంభము మొదలు ఫలాగమము వరకు చెప్పిన ఐదు అవస్థలు ఈ పెరుగుదలకే పేర్లు.

బళ్ళారిలో న్యాయవాదిగా నుండిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు (1853–1912) 1880ల దశకములో సరస వినోదినీ సభను నెలకొల్పి, దానికై నాటకములు వ్రాసి ఆడించిరి. వారి 'విషాద సారంగధర' తెలుగున తొలి విషాదాంత నాటకముగా ప్రసిద్ధి. సారంగధరుని కథ మనవారికి క్రొత్తది కాదు. తంజావూరు రఘునాథనాయకుని ఆస్థానకవి చేమకూర వేంకటకవి దానిని కావ్యముగా రచించెను. ఎగిరిపోయిన పావురమునకై రాకుమారుడు సవతితల్లి మందిరమున కాలుమోపుట, ఆమె కోరుట, అతడు నిరాకరించుట, ఆమె నింద మోపుట, తండ్రి విచారింపక శిక్ష విధించుట, ఈ ఐదు మెట్లలో ఏ మెట్టు తీసినను తరువాతిది నిలువదు. ఇది నాటకమునకు పుట్టిన వస్తువు.

పూర్వకథలో సిద్ధుని మహిమచే సారంగధరునికి అవయవములు తిరిగి వచ్చును. ఆచార్యులవారు ఆ మార్గము త్రొక్కక విషాదమునే ముగింపు చేసిరి. భాసుని ఊరుభంగము వంటి ఒకటి రెండింటిని విడిచినచో మంగళాంతమే పరిపాటియైన మన సంప్రదాయములో ఇది సాహసమే. అది పాశ్చాత్యానుకరణమనుటతో తృప్తిపడరాదు. తండ్రి తొందరపడి యిచ్చిన తీర్పును ఒక సిద్ధుడు వచ్చి తుడిచివేసినచో ఆ తొందరపాటునకు బరువు లేకుండపోవును. చేసిన పని వెనుకకు మరలదని ప్రేక్షకునకు తెలిసినప్పుడే ఆ పని చేయు క్షణమున అతని గుండె ఆగును. వస్తువు యొక్క బలమును ఆచార్యులవారు ఇచ్చట సరిగా గ్రహించిరి. లోపము చెప్పవలెనన్న, అదే రచయిత పాటలకు పద్యములకు విశేషముగా చోటిచ్చిరి. కార్యము వేడెక్కిన చోట రాగాలాపనము వచ్చిన, ప్రేక్షకుడు కథను మరచి గొంతును మెచ్చుకొనును. ఆ కాలపు సభ దానిని కోరెను. నాటకము దాని వెల చెల్లించెను.

రెండవ పునాది పాత్రోచితమైన వాక్కు. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' 1892లో విజయనగరమున తొలుత ప్రదర్శింపబడి, 1909లో మిక్కిలి పెరిగిన రూపముతో వెలువడెను. అందలి గిరీశము మాట మధురవాణి నోట ఇముడదు. అగ్నిహోత్రావధానుల మాట రామప్పపంతులు నోట ఇముడదు. పేరు చదువకయే మాటనుబట్టి మనిషిని గుర్తింపగలము. పైగా అందు ప్రతి మాటయు ఒక పని చేయును. గిరీశము ఊరక ముచ్చటింపడు. అప్పు ఎగవేయుటకో, ఆశ్రయము సంపాదించుటకో, శిష్యుని వశపరచుకొనుటకో మాటలాడును. నాటకసంభాషణకు, సభోపన్యాసమునకు భేదమిదియే.

మన సంఘములకు ఇందొక ధైర్యవచనము కలదు. కన్నడము, తమిళము, ఒడియా, మరాఠీ పలుకులు కలిసిన తెలుగు మన ఇండ్లలో వాడుక. రంగమెక్కగానే దానిని దాచి, పుస్తకములనుండి అరువు తెచ్చిన తెలుగు మాటలాడింతుము. నటుడు తడబడును, పిల్లలు నవ్వుదురు. పౌరాణిక పాత్రలకు ప్రౌఢభాష తగును. దానిని శ్రద్ధతో నేర్పవలెను. కాని మన వీధిలోని తాతగారిని రంగముపై నిలిపినప్పుడు ఆయన మన వీధి తెలుగే పలుకవలెను. విజయనగరపు వాడుక నాటకమునకు పనికివచ్చినప్పుడు హోసూరు వాడుకయు, బరంపురపు వాడుకయు ఏల పనికిరావు?

మూడవ పునాది అభినయము. ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని అది నాలుగు విధములు. మన ఉత్సవములలో ధనమంతయు ఆహార్యమునకే పోవుట తరచుగా చూచుచున్నాము. కిరీటము అద్దెకు వచ్చును; సాత్త్వికము అద్దెకు రాదు. దీనికి నిదర్శనము మరల బళ్ళారిలోనే కలదు. రామకృష్ణమాచార్యులవారి మేనల్లుడు, బళ్ళారి రాఘవగా ప్రసిద్ధుడైన తాడిపత్రి రాఘవాచార్యులవారు (1880–1946) కూడ వృత్తిచే న్యాయవాది. మేనమామ నాటకమునకు పాటలు చేర్చగా, మేనల్లుడు పద్యమును రాగముగా సాగదీయుటను నిరసించి, భావమే ప్రధానముగా పలికి చూపెను. కోలాచలము శ్రీనివాసరావుగారి (1854–1919) 'రామరాజు చరిత్ర'లో పఠాను రుస్తుముగను, ప్రహ్లాద నాటకమున హిరణ్యకశిపునిగను ఆయన గడించిన కీర్తి నేటికిని చెప్పుకొనబడుచున్నది. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుపట్టి, చదువుకొన్న స్త్రీలను రంగమునకు ఆహ్వానించినవారిలో ఆయన ముఖ్యుడు. ఒకే కుటుంబములో, ఒకే పట్టణములో సాగిన యీ మార్పు తెలుగు రంగస్థల చరిత్రకు సంగ్రహరూపము వంటిది.

నాలుగవ పునాదిని లక్షణగ్రంథములు సంగ్రహముగా చెప్పి విడుచును. మనకు మాత్రము అదియే ప్రాణసమానము. అది ప్రేక్షకుడు. బళ్ళారి నాటకములకు పట్టణప్రజలు టిక్కెట్టు కొని వచ్చిరి. అంతకు పూర్వమే, మరియొక విధమైన ప్రేక్షకులు తమిళదేశమున తెలుగు నాటకమును కాపాడిరి. తంజావూరు సమీపమున మెలట్టూరు అను గ్రామము కలదు. త్యాగరాజస్వామికి సమకాలికుడైన వేంకటరామశాస్త్రి అక్కడ భాగవతమేళమునకై ప్రహ్లాదచరిత్రము మున్నగు తెలుగు నాటకములు రచించెను. నృసింహజయంతినాళ్ళలో వరదరాజస్వామి కోవెల యెదుట ఆ గ్రామ కుటుంబములవారే వేషములు ధరించి వానిని ఆడుదురు. తండ్రి ధరించిన వేషము కుమారునికి సంక్రమించును. చుట్టును కూర్చున్నవారిలో అధికసంఖ్యాకులు తమిళులు. అయినను హిరణ్యకశిపుడు స్తంభమును చూపి ప్రశ్నించువేళ అచ్చట భాష తెలియనివాడు లేడు.

రాఘవ పట్టణరంగమున ధరించిన పాత్రయు, మెలట్టూరి కోవెల ముంగిట నిలుచు పాత్రయు ఒక్కటే. ఒకచోట నటుని ప్రతిభ దానిని నిలిపెను. వేరొకచోట ఊరి మొక్కుబడి నిలిపెను. రెండింటను సమానమైనది తండ్రి కొడుకుల వాదము: ఒకరు అధికారముతో అడుగుదురు, వేరొకరు నమ్మకముతో బదులు చెప్పుదురు. వస్తువు బలమైనదైనచో అలంకారమెంతైన మారవచ్చును, ప్రేక్షకులు మారవచ్చును, నాటకము నిలుచును.

ఇక మన కర్తవ్యము. తెరలకు చందా వసూలు చేయుటకు ముందు నాటకమును ఒకసారి గదిలో కూర్చుండి బిగ్గరగా చదువవలెను. ఎవరు ఏమి కోరుచున్నారో, ఎవరు అడ్డుపడుచున్నారో చెప్పలేని నాటకమును ప్రక్కన పెట్టవలెను. మూడుగంటల నాటకమును పదిదినములలో తయారుచేయుటకంటె, ముప్పదినిమిషముల నాటికను రెండునెలలు అభ్యసించుట మేలు. ఇరుగుపొరుగు కన్నడిగులను, తమిళులను, ఒడియావారిని, మరాఠీవారిని ఆహ్వానించి, కథాసారమును వారి భాషలో ఒక కాగితముపై అచ్చువేసి చేతికీయవలెను. అన్నింటికంటె ముఖ్యము, ప్రతి నాటకములోను ఒక పిల్లవానికో పిల్లకో మాటలున్న పాత్ర నీయవలెను. చెట్టుగానో, చామరధారిణిగానో నిలువబెట్టిన చాలదు.

వల్లించిన పద్యము పరీక్ష ముగియగానే మరపునకు వచ్చును. ఎదుటివాని మాటకు బదులుగా, సరియైన క్షణమున, తన కోపముతోనో తన కన్నీటితోనో పలికిన వాక్యమును ఆ పిల్లవాడు ముదిమివరకు మరువడు. మెలట్టూరిలో తరతరములుగా తెలుగు అట్లు నిలిచినది. మన ఇండ్లలోను అట్లే నిలువవలెనన్న, ముందుగా నిలువవలసినది నాటకము. నాటకము నిలుచుటకు కావలసినవి యీ నాలుగు పునాదులు.