ప్రతిరూపసృష్టియుఁ బురాణకథలును

గాంధారి గర్భమునుండి వెడలిన మాంసపిండమును వ్యాసుఁడు నూటొక్క ఖండములు గావించి ఘృతకుండములలో నుంచి కాపాడించిన కథ, నన్నయభట్టు కాలమునుండియు నాంధ్రులకు సుపరిచితము. నేఁడు క్లోనింగు అని వ్యవహరింపఁబడు ప్రతిరూపసృష్టి ప్రాచీనులకుఁ దెలిసియుండె ననుటకు ఈ కథయే ప్రమాణ మని కొందఱు వాదించుచున్నారు. 2019 జనవరిలో జాలంధరమున జరిగిన భారతీయ విజ్ఞాన మహాసభలో ఆంధ్ర విశ్వవిద్యాలయోపాధ్యక్షులు సైతము కౌరవజననమును మూలకణవిద్యకును, పరీక్షనాళికా శిశుజననమునకును ముడిపెట్టి ప్రసంగించిరి. పాఠశాలలో భారతము చెప్పునట్టి పండితునకు విద్యార్థులనుండి ఈ ప్రశ్న తప్పదు. కావున వాదబలమును పరీక్షింపవలసియున్నది.

ప్రతిరూపసృష్టి యనఁగా నేమి? స్కాట్లండు దేశమున రోస్లిన్ పరిశోధనాలయమునందు 1996 జూలై 5వ తేదీని పుట్టిన డాలీ యను గొఱ్ఱెపిల్ల యిందుకు నిదర్శనము. ఆఱేండ్ల గొఱ్ఱె పొదుఁగునుండి యొక కణమును దీసిరి. వేఱొక జాతి గొఱ్ఱె యండమునుండి కేంద్రకమును దొలఁగించిరి. ఆ రెంటిని విద్యుత్ప్రవాహముచేఁ గలిపి, యేర్పడిన పిండమును మఱియొక గొఱ్ఱె గర్భమున నుంచిరి. పొట్టేలితోఁ బనియే లేదు. 277 అండములను ఇట్లు సిద్ధపఱుపఁగా 29 పిండములు దక్కెను. వానిని 13 గొఱ్ఱెలయందుఁ బెట్టఁగా బ్రదికి పుట్టినది డాలీ యొక్కటియే.

ఈ లక్షణము గాంధారికథకుఁ బొసఁగదు. ఆ గర్భము ధృతరాష్ట్రునివలనఁ గలిగినది; కనుక నది యెవ్వరికిని బ్రతిరూపము గాదు. ఏకపిండమే విభక్తమై పలువు రైరందు రేని, అది కవలలు పుట్టు తెఱఁగు. అట్లయిన నందఱు నొకే లింగమువారు గావలెను. నూటొక్కరిలో దుస్సల కన్య. ఈ చిన్నమాటను వాదులు మఱచుట చిత్రము. మఱియు నొకే పిండమునుండి పుట్టిన దుర్యోధన వికర్ణులలో నొకఁడు ద్రౌపదిని సభ కీడ్పించెను, ఒకఁడు ఆమె పక్షమున న్యాయము పలికెను. శరీరమూల మొకటియైనను బుద్ధి యొకటి గాదని కథయే చెప్పుచుండఁగా, దానిని ప్రయోగశాలా వృత్తాంతముగాఁ జదువుట కథకును శాస్త్రమునకును గూడ నపచారము.

రక్తబీజుని కథ కొంత చేరువ. నేలఁబడిన ప్రతి రక్తబిందువునుండియు వానితో సమానుఁడైన యసురుఁడు లేచును. తల్లిగాని తండ్రిగాని లేరు. అయినను ఆ యసురులు లేచునప్పుడే ప్రౌఢులు. ప్రతిరూపజీవి యట్లు గాదు. గర్భమున నుండి, శిశువై పుట్టి, మూలజీవికంటెఁ జిన్నదై, వేఱు కాలమునఁ బెరుగును. రూపమైనను దప్పక వచ్చు నని నమ్మరాదు. 2001 డిసెంబరు 22వ తేదీని టెక్సాసునందుఁ బుట్టిన పిల్లికూన మూఁడు వన్నెల పిల్లికిఁ బ్రతిరూపమే. కాని దానియందు నారింజవన్నె లేదు. ఆఁడుపిల్లి శరీరమున నే కణమునం దే వన్నె బీజ మణఁగిపోవునో నియతము గాకుండుటయే యిందుకుఁ గారణము.

ధర్మవిచారమునకుఁ దగిన కథ యదే మార్కండేయపురాణమున వేఱొకటి కలదు. పెద్దన దానినే మనుచరిత్రమున విస్తరించెను. వరూధిని ప్రవరునిఁ గోరినది. ఆమెకు లభించినది ప్రవరుని యాకారముఁ దాల్చిన గంధర్వుఁడు. ముఖము, మేను, తేజము నన్నియు నవియే. కాని ప్రవరుఁడు నిత్యకర్మలకై యిల్లు చేరవలె నని యామెను విడిచిపోయినవాఁడు, ఈతఁడు నిలిచిపోయెను. ఆ యొక్క భేదమే ప్రవరత్వము. మృతశిశువును మరలఁ బొందఁగోరి ప్రతిరూపము నర్థించు తల్లిదండ్రుల దశయు నిట్టిదే. వారికిఁ బుట్టువాఁడు వేఱొక బిడ్డ. వానిపై మోపఁబడునది చనిపోయినవాని పేరు.

ప్రతిరూపమునకు స్వత్వమే యుండ దని కొందఱు చేయు నాక్షేపము మాత్రము నిలువదు. కవలలు ప్రకృతి చేసిన ప్రతిరూపములే. వారికి స్వత్వము లేదనువా రెవ్వరును లేరు. నిజమైన యాక్షేపములు వేఱు: ఒక డాలీకై వ్యర్థమైన పిండములవంటి నష్టము మనుష్యశిశువులయందు సహింపరానిది, శిశువును మునుపే నిర్ణీతమైన యచ్చులోఁ బోయఁదలఁచుట యన్యాయము. మానవ ప్రతిరూపజననమును నిషేధింపుఁ డని ఐక్యరాజ్యసమితి 2005 మార్చిలోఁ బ్రకటించినపుడు 84 రాజ్యములు సమ్మతించెను, 34 వ్యతిరేకించెను. వ్యతిరేకించినవానిలో భారతదేశ మొకటి. చికిత్సార్థమైన పరిశోధనకుఁ గూడ నడ్డు తగులు నని దాని శంక. శిశుజననార్థమైన ప్రతిరూపసృష్టిని మాత్రము మనదేశపు వైద్యపరిశోధన నియమములును నిషేధించినవి.

వరూధిని ప్రవరుని రూపమునే ధ్యానించి కన్న స్వరోచి ప్రవరుఁడు గాలేదు. అతఁ డగ్నిహోత్రములు వేల్చుచు నింటఁ గూర్చుండువాఁడు గాక, వేఁటకు వెడలెను, ఆపదలోనున్న మనోరమను రక్షించెను, ముగ్గురు కన్యలను బెండ్లాడెను.