20 నిమిషాల గాజు గొట్టం

సత్తెనపల్లి పత్తిచేలల్లో చీకటివేళ పాముకాటు పడితే, కరిచిందేదో చాలాసార్లు కంటపడదు. మంత్రమనీ వేరుమందనీ పొద్దుపుచ్చకుండా గుంటూరు పెద్దాసుపత్రికి చేరిస్తే సగం మేలు. 1946లో మొదలైన గుంటూరు మెడికల్ కాలేజీ పిల్లలు పని నేర్చేది అక్కడే.

అక్కడి ఒక హౌస్‌సర్జన్ అమ్మాయి పనితనం నాకు ముచ్చటేసేది ఒక్క చిన్న పరీక్షలో. 2 మిల్లీలీటర్ల రక్తం పొడి గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా నిలబెడుతుంది. ప్లాస్టిక్ పనికిరాదు, గాజు తగిలితేనే రక్తం సరిగ్గా గడ్డకట్టడం మొదలెడుతుంది. సబ్బుతో కడిగిన గొట్టమైతే మోసమే. "అయిందా అమ్మా?" అని చుట్టాలు. ఊపి చూద్దామని చేయి లాగుతుంది, ఊపకూడదు (నాలాంటివాడైతే ఊపేసేవాడే). గడియారం చూసుకుని ఒక్కసారే వంచుతుంది.

నీళ్లలా జారిందా, కరిచింది రక్తపింజరి అయ్యుంటుంది. వెంటనే విరుగుడు సీసాలు తెరవాలి. గడ్డకట్టినా నిశ్చింత లేదు. కట్లపాము విషం రక్తం జోలికి పోదు, నరాల మీద పడుతుంది. అందుకే రెప్పలు వాలుతున్నాయేమోనని రాత్రంతా మంచం దగ్గరికొచ్చి అడుగుతూనే ఉంటుంది: "పైకి చూడు పెద్దాయనా."

విరుగుడు ఎక్కించిన 6 గంటలకు మళ్లీ ఇంకో గొట్టం.