నాలుగోవాడు గెలిపించే పరుగు

క్రాస్‌కంట్రీ పోటీలో మొదట వచ్చిన కుర్రాడి చుట్టూ జనం మూగుతారు. భుజం తట్టేవాళ్లు, నీళ్ల సీసా అందించేవాళ్లు, సెల్ఫీ అడిగేవాళ్లు. అతని కాలేజీ ఫిజికల్ డైరెక్టర్ (పీడీ) మాత్రం అటు వెళ్లడు. వచ్చే దారి వైపే చూస్తూ నిలబడతాడు. రెండోవాడు వచ్చాడు, మూడోవాడూ కనబడుతున్నాడు. నాలుగోవాడేడి? కప్పు ఎవరిదో తేల్చేది ఆ నాలుగోవాడే.

లెక్క చాలా సులువు. ప్రపంచ పోటీల్లో ఒక్కో దేశం తరఫున ఆరుగురు పరిగెత్తితే, ముందొచ్చిన నలుగురి స్థానాలను కలుపుతారు. మొత్తం ఎవరికి తక్కువైతే గెలుపు వారిది. ఒక జట్టువాళ్లు 1, 2, 15, 20 స్థానాల్లో వచ్చారనుకుందాం. మొత్తం 38. ఇంకో జట్టు నుంచి తొలి నలుగురిలో ఒక్కరూ లేరు, 5, 7, 8, 9 స్థానాల్లో వచ్చారు. మొత్తం 29. బంగారం, వెండి మెడలో వేసుకున్న జట్టు ఓడిపోయింది. అథ్లెటిక్స్‌లో రిలేలను పక్కన పెడితే ఎవరి పరుగు వారిదే. ఇక్కడ మాత్రం ఇరవయ్యో స్థానం కోసం ప్రాణం పెట్టి పరిగెత్తే కుర్రాడికీ విలువుంది. అతను ఇద్దరిని దాటితే జట్టు లెక్కలో రెండు పాయింట్లు తగ్గుతాయి.

మన కాలేజీల్లో ఈ పోటీకి ఓ వరస ఉంది. ముందు విశ్వవిద్యాలయం తన పరిధిలోని కాలేజీల మధ్య పరుగు పెడుతుంది. అందులో ముందొచ్చినవారితో విశ్వవిద్యాలయం జట్టు తయారవుతుంది. ఆ జట్టు భారత విశ్వవిద్యాలయాల సంఘం ఆధ్వర్యంలో జరిగే అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ క్రాస్‌కంట్రీకి వెళ్తుంది. మామిడితోటల నూజివీడునే తీసుకుంటే, ఒకప్పుడు అక్కడి కాలేజీ కుర్రాడు ఈ మెట్లు ఎక్కాలంటే 1976లో ఏర్పడిన నాగార్జున విశ్వవిద్యాలయం పోటీల్లో నెగ్గాలి. 2008లో మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా విశ్వవిద్యాలయం వచ్చింది. అదే ఏడాది నూజివీడులో ట్రిపుల్ ఐటీ కూడా మొదలైంది. అక్కడి విద్యార్థులు పదో తరగతి కాగానే చేరి ఆరేళ్లు అక్కడే ఉండి చదివే పిల్లలు, ఎక్కువమంది పల్లెటూళ్ల నుంచి వచ్చినవాళ్లే. దూరపు పరుగుకు కావలసినవి రెండు: ఓపిక, ఒకేచోట ఏళ్ల తరబడి సాధన. ఆరేళ్ల చదువులో ఆ రెండూ కుదురుతాయి.

మంచు దేశాల కాలేజీల్లోనూ ఇదే ఆట వేరే రూపంలో ఉంది. అమెరికాలో 1954 నుంచి కాలేజీ స్కీయింగ్ జాతీయ పోటీలు జరుగుతున్నాయి. శీతాకాలం పొడవునా వారం వారం పోటీపడిన జట్లు మార్చిలో చివరి పరుగులకు చేరతాయి. కొండవాలు మీద జారే స్కీయింగ్‌తో పాటు అడవి దారుల్లో కిలోమీటర్ల తరబడి సాగే క్రాస్‌కంట్రీ స్కీయింగ్ కూడా అందులో భాగం. 1983 నుంచి అబ్బాయిల పాయింట్లూ అమ్మాయిల పాయింట్లూ కలిపి ఒకే కప్పు ఇస్తున్నారు. అక్కడ కూడా ఒక్క వీరుడితో పని జరగదు. మంచు ఎంత చల్లగా ఉంది, పొడిగా ఉందా తడిగా ఉందా చూసి స్కీ అడుగున ఏ మైనం పూయాలో తేల్చుకోవడం వాళ్ల విద్య. మట్టి మీద పరిగెత్తేవాడు బూటు అడుగున ఎంత పొడవు మేకులు బిగించాలో చూసుకుంటాడు. పరికరం వేరైనా, నేలను ముందుగా చదవడం ఇద్దరికీ తప్పదు.

ఆ నేల ఎక్కడా ఒక్కలా ఉండదు కాబట్టే క్రాస్‌కంట్రీలో గడియారానికి పెద్దపీట లేదు. ట్రాక్ మీద పది వేల మీటర్లకు ప్రపంచ రికార్డు ఉంటుంది. పది కిలోమీటర్ల క్రాస్‌కంట్రీకి ఉండదు. 2019లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో ప్రపంచ పోటీని గడ్డి మొలిచిన ఓ మ్యూజియం పైకప్పు మీదుగా నడిపారు. నాలుగేళ్ల తర్వాత ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్‌లో ద్రాక్షతోట మధ్య నుంచి, బురదలోంచి పరిగెత్తించారు. ఈ రెండు చోట్ల పట్టిన సమయాలను పోల్చి చూడటంలో అర్థం లేదు. ఆ రోజు, ఆ నేల మీద ఎవరు ముందు అన్నదే ప్రశ్న.

ద్రాక్షతోటలో ప్రపంచ పోటీ జరిగినప్పుడు మామిడితోటలో కాలేజీ పోటీ ఎందుకు జరగకూడదు? నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి వైపు నేలను చూస్తే ఈ ఆలోచన రాక మానదు. డెల్టా నల్లమట్టిలా కాలికి అంటుకుని లాగే నేల కాదది. వాన వెలిస్తే త్వరగా ఆరే ఎర్రమట్టి, అక్కడక్కడా మెరకలు, వాలులు, మధ్యలో చిన్న చిన్న గుట్టలు. పాత పద్ధతి తోటల్లో చెట్టుకూ చెట్టుకూ పది మీటర్ల ఎడం ఉంటుంది. ఎకరానికి నలభై చెట్లు అనే లెక్క అక్కడి నుంచి వచ్చిందే. అంటే నూరు చెట్ల సాలు ఈ కొస నుంచి ఆ కొసకు పరిగెత్తితే కిలోమీటరుకు పది మీటర్లు తక్కువ. జీపీఎస్ వాచ్ కొనలేని పిల్లలకు కూడా దూరం తెలుస్తుంది.

తోటల పంచాంగం కూడా ఆటకు కలిసొస్తుంది. బంగినపల్లి, రసాల కోతలు జూన్‌కల్లా దాదాపు అయిపోతాయి. కాపు కొన్న వ్యాపారి కావలి ఎత్తేస్తాడు. అప్పుడే కాలేజీలూ తెరుస్తారు. తొలకరిలో దున్నకాలు, ఎరువులు పూర్తయ్యాక తోటలో పెద్దగా పని ఉండదు. పూత బాగా రావాలని చలికాలం మొదట్లో రైతులు చెట్లకు నీళ్లు ఆపేస్తారు. దాంతో పాదులు ఎండి నేల గట్టిపడుతుంది. పరుగుకు అంతకంటే మంచి అదను లేదు. పూత మొదలైందా, తేనెమంచు పురుగుకు మందు కొట్టడం కూడా మొదలవుతుంది. ఆ వాసనలో గుండెల నిండా గాలి పీల్చే పని ఎవరూ చేయకూడదు. కాబట్టి సీజన్‌లో చివరి పోటీ పూతకు ముందే ముగియాలి.

ఇక పరుగెలా? పోటీ మొదలయ్యే చోట గీత వెడల్పుగా ఉంటుంది. జట్లు పక్కపక్కన తమ తమ గడుల్లో నిలబడతాయి. కొన్ని వందల మీటర్లు వెళ్లేసరికి దారి ఇరుకవుతుంది. అక్కడికి వెనకబడి చేరినవాడు నలభై వీపుల వెనక చిక్కుకుంటాడు. మొదట్లోనే ప్రాణం పెట్టి ఉరికినవాడికి మూడో కిలోమీటరులో కాళ్లు బరువెక్కుతాయి. ఇరుకుకు ముందు మంచి చోటు పట్టుకోవడం, ఆ వెంటనే ఊపిరిని దారిలో పెట్టుకోవడం మొదటి పాఠం.

మెరక ఎక్కేటప్పుడు అడుగు చిన్నదవ్వాలి, చేతుల ఊపు పెరగాలి, నడుము దగ్గర వంగకుండా ఒళ్లంతా కొద్దిగా ముందుకు వాలాలి. వేగం పడిపోతుందని కంగారు పడక్కర్లేదు, శ్రమ ఒకేలా ఉండేలా చూసుకుంటే చాలు. చాలామంది మెరక అంచుకు చేరగానే ‘హమ్మయ్య’ అనుకుని సడలిపోతారు. అనుభవజ్ఞుడు సరిగ్గా అక్కడే మరో ఇరవై అడుగులు గట్టిగా వేస్తాడు. పక్కవాడు ఊపిరి తీసుకునేలోగా పది మీటర్ల ఎడం తెచ్చేస్తాడు. వాలులో దీనికి తిరగేసిన తప్పు చేస్తారు. పడతామన్న భయంతో మడమలు తన్నిపట్టి ఆపుకుంటూ దిగుతారు. ఆ దెబ్బంతా తొడ కండరాల మీద పడుతుంది. అడుగు త్వరత్వరగా వేస్తూ, చేతులు కాస్త విప్పి బ్యాలెన్స్ చూసుకుంటూ, వాలు లాగినట్టు పోవడం నేర్చుకోవాలి. ఆగిరిపల్లి శోభనాచలం లాంటి కొండ దగ్గర్లో ఉన్నవాళ్లకు ఈ రెండు పాఠాలకూ బడి వెతుక్కోనక్కర్లేదు.

మూడో విద్య గుంపుగా పరిగెత్తడం. జట్టులో నలుగురు సగం దూరం దాకా ఒకరినొకరు కనిపెట్టుకుని సాగితే బలహీనుడు కూడా తన శక్తికి మించి నిలబడతాడు. ఈ పద్ధతికి పరాకాష్ఠ కెన్యా. 1988లో ఆక్లండ్ ప్రపంచ పోటీలో పురుషుల తొలి తొమ్మిది స్థానాల్లో ఎనిమిది కెన్యావాళ్లవే. 1986 నుంచి 2003 దాకా వరసగా పద్దెనిమిదేళ్లు ఆ దేశపు జట్టు కప్పు వదల్లేదు. చివరి మూడేళ్లలో రెండుసార్లు, 2002లోనూ 2003లోనూ, వ్యక్తిగత బంగారం ఇథియోపియా వీరుడు కెనెనిసా బెకెలే పట్టుకుపోయాడు. అయినా జట్టు కప్పు కెన్యాదే.

సాధనకు ట్రాక్ అక్కర్లేదు. 1930ల్లో స్వీడన్ కోచ్ గోస్టా హోల్మేర్ ‘ఫార్ట్‌లెక్’ అనే పద్ధతి తెచ్చాడు. మామూలు వేగంతో పోతూ మధ్యలో ఉన్నట్టుండి వేగం పెంచడం, మళ్లీ తగ్గించడం. ఈ చెట్టు నుంచి ఆ ఐదో చెట్టు దాకా ఉరుకు, అక్కడి నుంచి పదో చెట్టు దాకా నింపాదిగా. వారానికి ఓసారి ఇది, ఓసారి మెరకల సాధన, ఓసారి మాటలాడుతూ పరిగెత్తగలిగినంత నిదానంగా దూరపు పరుగు, మిగతా రోజులు తేలిక పరుగు, ఒకరోజు విశ్రాంతి. కాలేజీ జట్టుకు ఇంతే చాలు. బూట్లు లేకపోవడం సిగ్గుపడాల్సిన సంగతేమీ కాదు. దక్షిణాఫ్రికాలో పుట్టి బ్రిటన్ తరఫున పరిగెత్తిన జోలా బడ్ 1985లో ప్రపంచ క్రాస్‌కంట్రీని ఉత్తి కాళ్లతో గెలిచింది. అయితే ఎండుకొమ్మలు, డ్రిప్పు పైపులు, ముళ్లు ఉన్న తోటలో మాత్రం బూటే మేలు.

మన దగ్గర అసలు ప్రత్యర్థి ఎండ. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో మండుటెండలో క్రాస్‌కంట్రీ పెట్టారు. 38 మంది బయల్దేరితే 15 మందే గమ్యం చేరారు. ఫిన్లాండ్ వీరుడు పావో నుర్మి అవలీలగా గెలిచాడు, రెండోవాడు రితోలా కూడా ఫిన్లాండ్‌వాడే. కానీ అప్పటి లెక్కలో జట్టు బంగారానికి మూడోవాడు కావాలి. లిమాటైనెన్ తూలుతూనే పన్నెండో స్థానంలో గీత దాటాడు. దాంతో బంగారం ఖాయమైంది. ఆ తర్వాత ఒలింపిక్స్ నుంచి ఈ పోటీనే తీసేశారు. 2007లో కెన్యా తీరనగరం మొంబాసాలో జరిగిన ప్రపంచ పోటీలో ఎండా ఉక్కా కలిసి దెబ్బ తీశాయి. క్రాస్‌కంట్రీలో ఐదేళ్లుగా ఓటమి ఎరగని బెకెలే మధ్యలోనే ఆగిపోయాడు. కోస్తా ఉక్కపోతలో పోటీ పెట్టే ఎవరికైనా ఇది హెచ్చరిక. పొద్దు పొడవగానే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించడం, చుట్టు చుట్టుకూ నీళ్లు ఉంచడం, తల తిరుగుతున్నవాడిని పౌరుషానికి పోనీయకుండా ఆపడం నిర్వాహకుల పని.

ఈ పరుగు వల్ల ఒరిగేదేమిటని అడిగేవారికి అవినాష్ సాబ్లే కథ చెప్పాలి. మహారాష్ట్ర బీడ్ జిల్లా మాండ్వా అనే పల్లెలో రైతు కుటుంబంలో పుట్టాడు. సైన్యంలో చేరాక క్రాస్‌కంట్రీతోనే పోటీల్లోకి వచ్చాడు. తర్వాత అడ్డంకులు దాటుతూ పరిగెత్తే స్టీపుల్‌చేజ్‌కు మారాడు. 2022 కామన్వెల్త్ క్రీడల్లో వెండి, మరుసటేడు హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చాడు. అందరూ సాబ్లేలు కారు. కానీ కానిస్టేబుల్ ఉద్యోగానికి 1,600 మీటర్లు పరిగెత్తాల్సిన మన ఊళ్ల కుర్రాళ్లకు, నోటిఫికేషన్ పడ్డాక రెండు నెలలు తారురోడ్డు మీద మోకాళ్లు అరగదీసుకునే బదులు మూడేళ్లు కాలేజీ జట్టులో మెత్తటి నేల మీద పరిగెత్తడం ఎంత తేడా తెస్తుందో చెప్పనక్కర్లేదు.

అమ్మాయిల సంగతీ అంతే. 1973లో మొదటి ప్రపంచ పోటీలో పురుషులకు దాదాపు 12 కిలోమీటర్లు పెట్టి, ఆడవాళ్లకు 4 చాలన్నారు. 2017లో కంపాలాలో మొదటిసారి ఇద్దరికీ పది కిలోమీటర్లే పెట్టారు. ఆ సమానత్వం కాగితం మీంచి నేల మీదికి రావాలంటే అమ్మాయిలు గుంపుగా, భయం లేకుండా సాధన చేసే చోటు కావాలి. ఒంటరిగా రోడ్డెక్కి పరిగెత్తలేని పిల్ల కూడా పదిమందితో, పీడీ మేడమ్ వెంట ఉండగా తోటలో పరిగెత్తగలదు.

ఖర్చు సంగతికి వస్తే, సింథటిక్ ట్రాక్ కోట్లలో మాట. తోటలో పోటీకి ఒప్పుకున్న రైతులు నలుగురు, రెండు కిలోమీటర్ల చుట్టు, దారి చూపే సున్నపు గీతలు, రంగు జెండాలు, మలుపు మలుపుకూ ఓ విద్యార్థి, నీళ్ల డ్రమ్ములు, ఒక అంబులెన్సు చాలు. ఐదు చుట్లు వేస్తే పది కిలోమీటర్లు. పాదుల గట్లు తొక్కకుండా, డ్రిప్పు పైపులు పగలకుండా చూస్తామని, పగిలితే బాగుచేయిస్తామని కాలేజీ ముందే రాసిస్తే రైతుకు కూడా అభ్యంతరం ఉండదు. గమ్యం దగ్గర మాత్రం ఇద్దరు జాగ్రత్తపరులు కూర్చోవాలి, వచ్చినవారి నంబర్లు వరసగా రాసుకోవడానికి. మొదటి పది నంబర్లు ఎవరైనా రాస్తారు. ముప్పయ్యోవాడూ ముప్పై ఒకటోవాడూ భుజం భుజం రాసుకుంటూ వచ్చినప్పుడు ఎవరు ముందో తప్పులేకుండా రాయగలవాళ్లు ఆ ఇద్దరూ అయ్యుండాలి.