బొటనవేలికి దండం

అరచేతిలో ఇమిడే వీరులారా, మీకు జేజేలు. పోత పోసిన కండలకు, గిర్రున తిరిగే మెడలకు, ముడుచుకునే మోకాళ్ళకు, సన్న కుంచెతో దిద్దిన కనుబొమలకు జేజేలు. హైదరాబాదు కామిక్ కాన్ నాడు హైటెక్స్ హాలు తలుపులు తెరవకముందే ఎండలో బారులు తీరే మీ భక్తకోటికీ జేజేలు. నల్ల ముసుగులో చెమటలు కక్కుతున్న బ్యాట్‌మన్‌కి, ఫోమ్ షీట్లు కోసి అతికించిన కవచంలో కూర్చోలేక నిలబడలేక ఊగుతున్న ఐరన్‌మ్యాన్‌కి, నరుటో తలపట్టీ కట్టుకుని తమ్ముడి చెయ్యి వదలని అమ్మాయికి, మామూలు చొక్కాతో, భుజాన ఖాళీ సంచితో వచ్చిన నాబోటివాళ్ళకి. ఆ ఖాళీ సంచికి మరో రెండు ఎక్కువ.

బొమ్మల సంతా, నీ పుట్టుక చిన్నది. 1970లో అమెరికాలో, శాన్ డియేగోలోని ఒక హోటల్ నేలమాళిగలో సుమారు 300 మందితో మొదలైన కామిక్ కాన్ ఇవాళ లక్షకు పైగా జనం ఒరుసుకుంటూ నడిచే తిరునాళ్ళ. మన దేశంలో 2011లో ఢిల్లీ హాట్‌లో అడుగుపెట్టావు, 2013కల్లా హైదరాబాదు చేరావు. నాంపల్లి నుమాయిష్ 1938 నుంచీ ఉంది, అక్కడా బొమ్మలమ్ముతారు. అయితే అక్కడ ఒక బొమ్మని చేతిలోకి తీసుకున్నామో లేదో "బాబుకా, పాపకా సార్?" అంటారు. నీ దగ్గర ఆ ప్రశ్నే లేదు. జుట్టు నెరిసినవాడు తనకోసమే అడుగుతాడు, అమ్మేవాడు మారు మాట లేకుండా తీసి ఇస్తాడు. ఈ ఒక్క మర్యాదకే నీ టిక్కెట్టు డబ్బులు చెల్లు.

కామిక్ గీసేవాళ్ళ బల్లలకీ ఒక నమస్కారం, నడుస్తూనే. 1947లో మొదలైన చందమామలో బొమ్మలు చూస్తూ చదవడం నేర్చినవాళ్ళం, అమర్ చిత్రకథల వరస కనబడితే కాలు ఆగకుండా ఉంటుందా? ఆగుతుంది. కానీ కాగితం మీది వీరుడు కళ్ళకి మాత్రమే దొరుకుతాడు. నాకు చేతికి దొరికేవాడు కావాలి. మెడ పట్టుకుని తిప్పితే తిరగాలి. పడేస్తే ఠక్కున చప్పుడవ్వాలి. అందుకే గీతల వీధి దాటి, పెద్ద కంపెనీల లైట్ల వెలుగు దాటి, పాతబొమ్మలు బల్లమీద కుప్పపోసుకుని కూర్చున్న మూలకే నా కాళ్ళు లాక్కుపోతాయి.

చెయ్యి! అసలు సంగతంతా అక్కడే ఉంది.

1964లో అమెరికా బొమ్మల కంపెనీ హాస్‌బ్రో వాళ్ళు జి.ఐ. జో అనే సైనికుడి బొమ్మని మొదటిసారి విడుదల చేశారు. 12 అంగుళాల పొడుగు, కదిలే భాగాలు 21, కుడి చెంప మీద ఒక గాటు. వాడి కుడిచేతి బొటనవేలికి గోరు అరచేతి వైపు మొలిచింది. చెక్కినవాళ్ళ చెయ్యి జారింది. జారితే జారిందని దాన్ని దిద్దకుండా అలాగే ఉంచేశారు. మనిషి ఆకారం మీద ఎవరూ హక్కులు రాయించుకోలేరు గానీ, చెంప మీది గాటుకీ తిరగబడ్డ గోటికీ రాయించుకోవచ్చు. ఎవడైనా కాపీ కొడితే ఆ గోరు కూడా కాపీ కొట్టి దొరికిపోతాడు. ఆ తొలి జోకి అచ్చు తయారుకాకముందు చేసిన నమూనా బొమ్మని 2003లో ఒక సేకర్త 2 లక్షల డాలర్లు పెట్టి కొన్నాడు. ఓ తిరగబడ్డ గోరా, నీకు దండం. సొగసైన వేళ్ళు అచ్చులోంచి కోట్లు కోట్లుగా ఊడిపడుతూనే ఉన్నాయి, వాటిలో ఒక్కటీ నాకు గుర్తు లేదు.

పదేళ్ళకి, 1974లో, వాడికే పట్టుకునే వేళ్ళొచ్చాయి. మెత్తటి రబ్బరు చేతులు, దానికి పెట్టిన పేరు కుంగ్‌ఫూ గ్రిప్. తుపాకీ పట్టాడు, తాడు పట్టాడు, పిల్లల వేలు కూడా పట్టుకున్నాడు. ఆ మెత్తదనమే వాడికి చేటైంది, కాలం గడిచేకొద్దీ ఆ వేళ్ళు పెళుసుబారి రాలిపోయాయి. 1982లో మళ్ళీ వచ్చినప్పుడు జో ఒళ్ళు దగ్గర పెట్టుకుని వచ్చాడు, నాలుగు అంగుళాలకి కాస్త తక్కువ. వీపున ఒక స్క్రూ, పొట్టలో ఒక నల్లటి రబ్బరు రింగు. నడుమునీ కాళ్ళనీ ఒంటితో కలిపి ఉంచేది ఆ రింగే. అది ఎండి తెగిన నాడు వీరుడు రెండు ముక్కలవుతాడు. స్క్రూ విప్పి కొత్త రింగు తొడిగితే లేచి నిలబడతాడు. అంత సులువుగా లేచి నిలబడగలిగినవాళ్ళని నేను మనుషుల్లో తక్కువ చూశాను.

కానీ బొటనవేలు విరిగితే మాత్రం ఏ రింగూ కాపాడదు. లావుపాటి తుపాకీ పిడిని ఆ సన్నటి గుప్పిట్లోకి పిల్లలు బలంగా దూర్చేవాళ్ళు, వేలు పుటుక్కుమనేది. అందుకే ఈ బల్లల మీద పడుకున్న జోలలో సగం మంది ఏకలవ్యులు. ఏ గురువూ అడగలేదు, ఎవరికీ దక్షిణ ఇవ్వలేదు, ఆటలో పోయిందంతే. సేకర్త కన్ను ముందు మొహం మీదికి పోదు, బొటనవేళ్ళ మీదికి పోతుంది. అమ్మేవాళ్ళకీ అది తెలుసు.

"అన్నా, గన్ను లేదు గానీ వేళ్ళు రెండూ ఉన్నయ్ చూడు."

"రంగు వేరేగా ఉందేంటి తమ్ముడూ?"

"ఫన్‌స్కూల్‌ది అన్నా. మనదే."

మనదే! ఆ మాట విన్నాక ఇక బేరం సాగదు. 1987లో ఎమ్మారెఫ్, హాస్‌బ్రో కలిసి పెట్టిన కంపెనీ ఫన్‌స్కూల్. అచ్చులు అమెరికావి, పోసిన చేతులు మనవి. అక్కడ ఆకుపచ్చ తొడుక్కున్నవాడు ఇక్కడ ఇంకేదో రంగులో తేలేవాడు, రంగు కూడా కొన్నిసార్లు దళసరిగా, గీత దాటి పడేది. అప్పట్లో అదొక లోటు. ఇప్పుడు ఆ వింత రంగుల కోసమే విదేశీ సేకర్తలు వెతుక్కుంటున్నారు. దూరదర్శన్‌లో హీమ్యాన్ వచ్చే రోజుల్లో లియో మాటెల్ వాళ్ళు మన దగ్గర పోసిన హీమ్యాన్‌లకీ ఇదే గిరాకీ. నడుము మెలితిప్పి వదిలితే లోపలి స్ప్రింగు విసురుకి గుద్దు గుద్దే ఆ పొట్టి కండలవాడి గురించి వేరే పురాణం రాయాలి, ఇక్కడ చోటు చాలదు. ఆ కంపెనీల్లో గంటకి ఇన్నని కనుగుడ్లకి నల్లచుక్క పెట్టిన చేతులారా, మీ పేర్లు ఏ పెట్టె మీదా అచ్చుకాలేదు. మీ కుంచె వణికిన చోటల్లా నా భూతద్దం ఆగుతుంది.

ఆశకీ ఒక దండం పెట్టాలి. 1977లో స్టార్ వార్స్ సినిమా అమెరికాని ఊపేస్తే, బొమ్మలు చేసే హక్కు చేతిలో ఉన్న కెన్నర్ కంపెనీ దగ్గర క్రిస్మస్‌కి బొమ్మలే తయారుగా లేవు. ఏం చేశారు? అట్టతో చేసిన ఉత్త కవరు అమ్మారు. అందులో ఒక కార్డు, దాన్ని పోస్టు చేస్తే కొత్త ఏడాదిలో నాలుగు బొమ్మలు ఇంటికొస్తాయి: ల్యూక్, లేయా, చ్యూబాకా, ఆర్‌టూ-డీటూ. పండగ పూట చెట్టు కింద ఆ కవరు విప్పిన పిల్లల మొహాలు ఊహించుకుంటే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది. బొమ్మలు 1978లో వచ్చాయి. ఆ అట్ట కవర్లని సైతం ఇవాళ డబ్బుపోసి కొనేవాళ్ళున్నారంటే, మా జాతి పిచ్చి ఎంతటిదో వేరే చెప్పాలా.

పిచ్చే, కానీ చదువుకున్న పిచ్చి. స్టార్ వార్స్ బొమ్మ చేతిలోని బుల్లి తుపాకీ అసలుదా నకిలీదా అంటే గ్లాసుడు నీళ్ళలో వేసి చూస్తారు, అసలువి చాలావరకు తేలతాయి, నకిలీవి మునుగుతాయి. అదీ పూర్తిగా నమ్మరు. గోటితో అంచు తడుముతారు, వాసన చూస్తారు, కాలి వెనక అచ్చుపడ్డ ఏడాదిని ఫోన్ లైటు వేసి చదువుతారు. చదివి, అది అచ్చు చేసిన ఏడాదే గానీ బొమ్మ పోసిన ఏడాది కాకపోవచ్చని పక్కవాడికి పాఠం చెబుతారు. పచ్చబడ్డ తెల్ల ప్లాస్టిక్కుని పెరాక్సైడ్ పూసి ఎండలో పెట్టి తెల్లబరుస్తారు. ఇంత శ్రద్ధగా ఏ పరీక్షకి చదివినా మా ఇళ్ళల్లో గొడవలుండేవి కావు.

నాకొక్క కోరిక ఉంది, దాన్నీ ఈ స్తోత్రంలో కలిపేస్తాను. 1957 నాటి మాయాబజార్‌లోని ఎస్వీ రంగారావు గారి ఘటోత్కచుణ్ణి ఏడంగుళాల్లో ఎవరైనా పోయాలి. భుజాలకీ మోచేతులకీ నడుముకీ కీళ్ళు, భారీ నవ్వుకి ఒక తల, గుర్రుగా చూడ్డానికి ఇంకో తల. విడి చేతులు రెండు జతలు కావాలి: గద పట్టుకునేది ఒకటి, లడ్డు పట్టుకునేది మరొకటి. గోరు ఎటువైపు మొలిచినా ఫరవాలేదు. సంచి ఖాళీగా తెచ్చేది ఆ రోజు కోసమే.

ఇక పెట్టె విప్పాలా వద్దా అనే తగువు. అట్ట మడత పడకుండా, ప్లాస్టిక్ బుడగ మీద గీత పడకుండా, అంటించింది అంటించినట్టే దాచేవాళ్ళు ఒక పక్షం. వాళ్ళ బొమ్మ ధర పెరుగుతుంది, మోకాలు మాత్రం ఎన్నడూ వంగదు. చించి బయటికి తీసేవాళ్ళు రెండో పక్షం. నేను రెండో పక్షం, రాజీకి రాను. 21 కీళ్ళు పెట్టింది నిటారుగా నిలబెట్టడానికైతే ఒక్క కీలూ అక్కర్లేదు కదా. తాకని చేతికి బొటనవేలు విరిగే భయం ఉండదు నిజమే, తాకిన సుఖమూ ఉండదు.

ఈ మాటే ఆ మూల బల్ల దగ్గర ఇద్దరు పెద్దమనుషులు గట్టిగా వాదించుకుంటున్నారు. వాళ్ళ మోచేతుల కింద ఏడెనిమిదేళ్ళ కుర్రాడొకడు, వాళ్ళ నాన్న ఇంకా డబ్బులు లెక్కపెడుతుండగానే, కొత్త పెట్టె మూల పళ్ళతో కొరికి పరపరా చించేశాడు. పక్షాలు రెండూ ఒక్కసారిగా "అయ్యయ్యో, మెల్లిగా నాన్నా!" అన్నాయి. వాడు వినిపించుకోలేదు. బొమ్మ మోకాళ్ళు వంచి, చెయ్యి పైకెత్తి, బల్లమీదున్న ఏకలవ్యుల గుంపు మీదికి గురిపెట్టి, హాలు మారుమోగేలా "డిష్యూం!" అన్నాడు.