‘జెర్సీ’లో నాకు మిగిలిన పేచీ

గౌతమ్ తిన్ననూరి ‘జెర్సీ’ (2019) మొన్న నకిరేకల్‌లో మా ఇంట్లో మళ్ళీ చూశాను. కొడుక్కి జెర్సీ కొనడానికి 500 రూపాయలు పుట్టక అర్జున్ తిరిగే తిరుగుడు ఉంది చూడండి, ఆఖరి మ్యాచ్ కన్నా నాకు అదే గట్టి ఘట్టం. అక్కడ నాని మొహంలో ఏడుపు కాదు, నామోషీ కనపడుతుంది. కోచ్ మూర్తిగా సత్యరాజ్ కూడా కుదిరాడు.

పేచీ వేరే. 26 ఏళ్ళకే ఆట మానేసిన అర్జున్‌ని సెలక్షన్ రాజకీయమే మింగిందనుకుంటాం. చివరికి అసలు కారణం గుండెజబ్బని తేలుతుంది. నాకూ కళ్ళు తడిశాయి, కాదనను. కానీ ఆ తడిలోనే సెలక్టర్లు మెల్లగా తప్పుకున్నారు. మా ఊరి గ్రౌండులో టెన్నిస్ బంతితో ఆడే పిల్లల గుండెలు బానే ఉన్నాయి. హైదరాబాద్ సెలక్షన్స్‌కి పోయి, వంతు రాకుండానే సాయంత్రం బస్సెక్కి వచ్చినోళ్ళు వాళ్ళలో ఇద్దరున్నారు.